చెక్కపొట్టు తిన్న చేను

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా లాబొరేటరీలో గాజు సీసాలకు కూడా తెలుసు. అయినా ఆ ఏడు ఉదయగిరిలో బస్సు దిగగానే వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

సంచీ ఇంకా చేతిలోనే ఉంది. టీ అంగడి దగ్గర ఒకాయన కేకేశాడు.

"ఏమ్మా, మట్టి డాక్టరమ్మా! మీ అత్త చేను పసుపు పూసుకోని కూచోనుండాది. పోయి నాడి పట్టుకో!"

అందరూ ఘొల్లున నవ్వారు. నేను ఇంటికి కూడా పోకుండా, నేరుగా చేలోకి నడిచాను.

ఆదిశేషమ్మ మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. పిల్లల్లేరు. మామ పోయినప్పటి నుంచీ కొండ కింద, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి చేను తానే చేసుకుంటోంది. మామ తమ్ముడు శీనయ్యకు అది కంట్లో నలుసు. "ఆడమనిషికి సేద్యం ఏంది వదినా? మా అన్న చేను నేను చూసుకుంటా. నీకు గింజలు కొలిచి పోస్తా, కూచోని తిను" అని ఎప్పుడు కనిపించినా అదే పాట. కూర్చుని తినే రకం కాదు మా అత్త.

నేనేమో మద్రాసులో రసాయన శాస్త్రం చదివి, సర్కారు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాను. మట్టిలో కర్బనం ఎంత, నత్రజని ఎంత, ఆ రెండింటినీ తిని బతికే సూక్ష్మజీవులు ఏం చేస్తున్నాయి అని చూడటం నా ఉద్యోగం. మా ఊళ్లో దాన్ని బురద చదువు అంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ ముందు గెలిచాను. ఇల్లు మిగిలిపోయింది.

మోకాలెత్తు జొన్న, బావి పక్క గట్టు నుంచి కొండ వైపు గట్టు దాకా పాలిపోయి ఉంది. అత్త మధ్యలో నిలబడి ఉంది.

"ఏం చేసినావత్తా?"

"మంచే చేసినా పాపా. చెడు చేస్తానా?" అంది అత్త.

సంగతి ఇదీ. ఉదయగిరిలో గరిటెలూ చెంచాలూ చెక్కే ఇళ్లున్నాయి కదా, ఆ ఇళ్లలో చెక్కపొట్టు గుట్టలుగా పడుతుంది. నీళ్లు కాచుకోవడానికి దాన్ని పొయ్యిలో పెట్టేవాళ్లు. ఆ బూడిదను అత్త ఏటా తెచ్చి చేలో చల్లేది. ఈసారి ఆత్మకూరులో రైతుల సభకు పోయింది. అక్కడ ఎవరో ఆఫీసరు "చెత్త కాల్చకండి, కాలిస్తే నేల తిండి పొగలో పోతుంది" అన్నాడట. అన్న మాట నిజమే. కుళ్లబెట్టి వేయమని కూడా చెప్పాడో లేదో, చెబితే అత్త అప్పటికే బస్సుకు లేచి వచ్చేసిందో. గరిటెలు చెక్కే మస్తాన్ సాయిబు ఇంటి ముందున్న పొట్టంతా బండ్లకెత్తించి, పచ్చిదే చేలో పోసి కలియదున్నించేసింది.

"నేలకు కడుపునిండా పెడదామనుకున్నా" అంది.

తిట్టాలని నోరు తెరిచాను. ఆ మాట విన్నాక తిట్టబుద్ధి కాలేదు.

అంతలో గట్టు మీద శీనయ్య మామ వచ్చి నిలబడ్డాడు. భుజాన మడక, వెనక ఎద్దులు, వాటి వెనక ఊరి జనం. అప్పుడే దున్నుతాడనుకుని నా ప్రాణం పోయింది.

"చూసినావా అమ్మాయ్, మీ అత్త తెలివి? మా అన్న చేను చంపేసినాది. రేపు పొద్దున మడక దించి దీన్ని దున్నేసి ఉలవ చల్లతా."

మా వైపు ఎవరి మడక దిగితే సేద్యం వాళ్లదే. ఒకసారి ఆయన ఎద్దులు ఆ చేలో తిరిగాయంటే మళ్లీ అత్త మడకకు అక్కడ చోటుండదు. అత్తకు తెలుసు, ఆయనకు తెలుసు, గట్టు మీద చేరిన జనానికీ తెలుసు.

"మామా, చేను చావలేదు. ఆకలిగా ఉంది" అన్నాను.

"బండ్లకు బండ్లు పెట్టినాక ఆకలేంది?"

నేను కూర్చుని ఒక మొక్క పట్టి చూశాను. కింది ఆకులు కొనల నుంచి పండుతున్నాయి. అంటే నత్రజని లేదు. అక్కడి నుంచి చేనంతా తిరిగాను. తిరిగి తిరిగి, వేపచెట్టు దగ్గర ఆగిపోయి గట్టిగా నవ్వేశాను. దుక్కి రోజుల్లో ఎద్దుల్ని కట్టేసిన గుంజ చుట్టూ జొన్న నల్లగా, నవనవలాడుతూ ఉంది.

"ఇక్కడ పొట్టు పొయ్యలేదా అత్తా?"

"ఎందుకు పొయ్యలా? ఇక్కడ్నే ఎక్కువ పడింది. బండి ఇక్కడ్నే గదా తిరగేసింది."

"అందరూ ఇట్లా రండి" అని పిలిచి, ఆ గుంజ పక్కన మట్టి పెళ్లగించాను. పొట్టు మీద తెల్లగా, దారాల్లా బూజు అల్లుకుని ఉంది. శీనయ్య మామ మొహం తిప్పుకున్నాడు.

"థూ! కుళ్లిపోయినాది నేల. కంపు."

"వాసన చూసి చెప్పు మామా."

"నేను చూడను."

"సరే, విను. ఈ మట్టిలో కంటికి ఆనని జీవాలు కోట్లకు కోట్లు ఉండాయి. చెక్కపొట్టు వాటికి అన్నం. ఉత్త అన్నం ఎవరు తింటారు? పప్పు కావాలి, దాన్నే మేం నత్రజని అంటాం. పొట్టులో పప్పు లేదు. అందుకని జొన్న వేరు దగ్గరుండే పప్పు లాక్కోని తింటా ఉండాయి. గుంజ కాడ ఎద్దులు ఉచ్చ పోసినాయి గదా, ఆ పప్పు అందింది. అందుకే ఇక్కడ రెండు పక్షాలూ సుఖంగా ఉండాయి. మిగతా చేనుకు కూడా పప్పు వడ్డిస్తే సరి."

గట్టు మీద ఒకరిద్దరు తలూపారు. శీనయ్య మామ ఊపలేదు.

"కంకి రాకపోతే?"

నేను జవాబు చెప్పేలోగా అత్త ముందుకొచ్చింది.

"కంకి రాకపోతే నీ మడక దించుకో శీనయ్యా. నేను అడ్డం రాను. వస్తే మాత్రం ఈ గట్టు మీద మడకతో మళ్లా కనపడబాక."

నా లెక్క మీద నమ్మకం నాకుంది. కానీ ఆ లెక్క మీద మా అత్త తన బతుకంతా పెట్టేస్తుందని నేననుకోలేదు.

సెలవు పొడిగించమని తంతి కొట్టించి పనిలో దిగాను. గొర్రెల వెంగయ్య దొడ్డిలో మూత్రం ఇంకిన మట్టి తవ్వుకోమన్నాడు. అత్త ఇల్లిల్లూ తిరిగి పశువుల కొట్టాల్లో నేల గీరించి గంపలకెత్తించింది. పరిశోధన చేసే అమ్మాయి నెత్తిన ఉచ్చమట్టి గంప పెట్టుకుని పోతుంటే టీ అంగడి వాళ్లకు పండగే పండగ. "నవ్వండి, నవ్వండి, కంకులు కోసేటప్పుడు చెబుతా" అని నేనూ అరిచాను. మొక్క మొదట్లో ఆ మట్టి వేసి, కపిల తోలించి తడిపాం.

వెంటనే ఏమీ కాలేదు. పొద్దున్నే పోయి చూస్తే అదే పసుపు. శీనయ్య మామ దారిన పోతూ మడకకు కొత్త కర్రు వేయించానని వినిపించేలా చెప్పేవాడు. నాకు భయం వేయలేదు. సరే, కొంచెం వేసింది. అత్తకు మాత్రం కనపడనివ్వలేదు.

ఒకరోజు నేనింకా పళ్లు తోముకుంటున్నాను. చేలో నుంచి అత్త కేక.

"పాపా! సుడి చూడు, సుడి!"

పరుగెత్తాను. పండిన ఆకులు పండినట్టే ఉన్నాయి. కానీ నడిమి సుడిలో కొత్తాకు పచ్చగా దూసుకొస్తోంది. ఒక మొక్కలో కాదు, సాలు సాలంతా. అత్త నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు?

పొట్టలు పగిలి కంకులు వచ్చాయి. ఊరందరి కంటే గొప్పగా ఏమీ రాలేదు. కానీ వచ్చాయి, గింజ గట్టిగా వచ్చాయి. సెలవైపోయి ఉద్యోగానికి తిరిగిపోయిన నేను కోతకు మళ్లీ ఊరికి వచ్చాను. పొట్టు కూడా అప్పటికి చాలా మట్టుకు చివికి మట్టిలో కలిసిపోయింది.

కోత నాడు శీనయ్య మామ వచ్చాడు. భుజాన మడక లేదు, తువ్వాలే ఉంది. కంకి ఒకటి నలిపి చూసుకున్నాడు. నేనేమీ అడగకుండానే వంగి పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కళ్లు మెత్తబడ్డాయి.

"తొలివాన వాసన వస్తా ఉండాది వదినా. మా అన్న చేను ఎప్పుడూ ఇంత మెత్తగా లేదు."

అత్త కొడవలి పక్కన పెట్టి నడుం నిలబెట్టింది.

"మీ అన్న చేను కాదు శీనయ్యా. నా చేను."

ఆయన మట్టి వంక చూశాడు, అత్త వంక చూశాడు. పిడికిట్లో మట్టిని విసిరేయకుండా, తీసిన చోటే జాగ్రత్తగా పోశాడు.

"సరే వదినా. నీ చేనే" అని గట్టెక్కి వెళ్లిపోయాడు. అత్త మళ్లీ కొడవలి అందుకుంది.