లోతుగా ఆలోచించాల్సిన విషయం

రాజు పోయి గణతంత్రం వచ్చి ఇంకా మూడేళ్లు నిండలేదు. అందుకే ఐదో తరగతి పంతులమ్మ, క్లాసు లీడర్ని ఈసారి పిల్లల్నే ఎన్నుకోమంది. వాళ్లు మార్కుల్లో మొదటివాణ్ణి వదిలేసి, లెక్కల్లో అత్తెసరు మార్కులొచ్చే పిల్లను ఎన్నుకున్నారు. కుళాయి దగ్గర తగువులు తీర్చేది ఆ పిల్లే మరి.

హెడ్మాస్టరుకు ఒళ్లు మండింది. "చదువు రానివాళ్ల చేతికి పెత్తనమిస్తే బడి సంత అవుతుంది" అంటూ బడి పెద్దల సంఘాన్ని పిలిపించాడు.

పంతులమ్మ దిగులుపడలేదు. సంఘానికి సలహా చెప్పబోయేది కాలేజీలో రాజనీతి పాఠాలు చెప్పే ఆమె మొగుడే. పెళ్లయి నెల. పొద్దున ఆయన చొక్కాకి గుండీ కుడుతూ, "మా పిల్లకే మద్దతు కదండీ?" అంటే, "నీ మాటే నా మాట" అన్నాడు. గుండీ రంగు కలవకపోయినా ఆయనకు తెలియలేదు. బడిదాకా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

సమావేశంలో ఆయన లేచాడు. అధికారానికి చదువే పునాది అన్నాడు. అధికారం చేతికొస్తే తప్ప చదువు వంటబట్టదనీ అన్నాడు. మొదటి మాటకు హెడ్మాస్టరు తలూపాడు, రెండో మాటకు పంతులమ్మ తలూపింది. చివరికి, "ఇది లోతుగా ఆలోచించాల్సిన విషయం" అని కూర్చున్నాడు.

"బాగా సెలవిచ్చారు. ఆలోచన తేలేదాకా పాత పద్ధతే, మార్కుల్లో మొదటివాడే లీడరు" అని హెడ్మాస్టరు సమావేశం ముగించేశాడు.

ఇంటిదారిన వానలో ఆలుమగలిద్దరికీ ఒకే గొడుగు. ఆ ఇరుకంటే ఆమెకు ఎంతో ఇష్టం. ఇవాళ మాత్రం భుజం తడుస్తున్నా దగ్గరకు జరగలేదు.

"నీ తరఫునే మాట్లాడాను కదా."

"అవునండీ. పాము చావకుండా, కర్ర విరగకుండా."

"చదువుకున్నవాడన్నాక రెండువైపులా చూడాలి."

"చూడండి. రేపొచ్చి ఆ పిల్లకు కూడా మీరే చెప్పండి. నాకు నోరు రాదు."

మర్నాడు ఆయన తరగతికి వచ్చి, లీడర్ని మారుస్తున్నారని చెప్పాడు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"లెక్కలు నేర్చుకుంటే మళ్లీ నన్ను పెడతారా సార్?"

"ఇది లెక్కల సంగతి కాదమ్మా."

"మరి? అందరూ నన్నే కావాలన్నారు కదా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "దీన్ని రెండు విధాలుగా..." అని ఆగిపోయి, సాయం కోసం పెళ్లాం వైపు చూశాడు.

ముద్దొచ్చే మొహమే. చేతిలోని సుద్దముక్క దాని మీదికే విసరాలనిపించింది ఆమెకు.

"చెప్పండి సార్" అంది. "పిల్లలు కాచుక్కూర్చున్నారు."