గోళ్ళు లేని రాకాసి

నేను ఒక చెయ్యిని. ఎడమ చెయ్యిని. మనిషిది కాదు, రాకాసిది. అప్పుడే మొహం చిట్లించకండి. మీరు సినిమాల్లో చూసి, బయటికొచ్చి టీ తాగేలోపు మర్చిపోయే రాకాసి చేతుల బాపతు కాను నేను. పుట్టినప్పుడైతే కాను. తర్వాత నా వేళ్ళకి ప్లాస్టిక్ గోళ్ళు అంటించారు. ఆ అవమానం కూడా చెబుతాను, దాచుకోవడానికి నాకేమీ జేబుల్లేవు. ఒక్కటి మాత్రం ముందే ఒప్పుకుంటున్నాను: నాకు కుదురు లేదు. పక్కన దారప్పోగు కనిపిస్తే చాలు, మెలెయ్యాలనీ ముడెయ్యాలనీ వేళ్ళు తహతహలాడతాయి. చేసినవాడు నన్ను అలా చేశాడు మరి.

నన్ను చేసినవాడు మస్తాన్‌వలి. సొంతూరు తెనాలి పక్కన. విశాఖపట్నంలో ఒక పాత ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకి కొత్తవి చేసిపెట్టడం ఆయన పని. ఆ షెడ్డులోకి ఒక రోజు పైడితల్లి అనే అమ్మాయి చంకలో బొమ్మల కాగితాలు పెట్టుకుని వచ్చింది. ముప్ఫైనాలుగేళ్ళుంటాయి. విజయనగరం పిల్ల. పదకొండేళ్ళు వేరేవాళ్ళ సినిమాలకి అసిస్టెంటుగా ఎండలో నిలబడి నిలబడి, చివరికి ఒక రాకాసి సినిమా సొంతంగా తీసే అవకాశం సంపాదించింది. ఇది పోతే ఇంకొకటి ఎవరూ ఇవ్వరని ఆమెకి తెలుసు. చూసినవాళ్ళలో ఒక్కరైనా తన రాకాసిని ఇంటిదాకా మోసుకుపోవాలి, లేకపోతే ఈ పదకొండేళ్ళూ దండగ అని ఆమె బాధ. ఆ బాధతో ఆమెకి కూర్చుంటే కుర్చీ గుచ్చుకునేది.

ఆమె తెచ్చిన బొమ్మలో చెయ్యి ఎలా ఉందో చెప్పనా? పొడుగాటి వేళ్ళు, కత్తుల్లాంటి గోళ్ళు, మీద పొలుసులు. ఎక్కడెక్కడి సినిమాల్లోంచో ఏరుకొచ్చిన సరుకు. మస్తాన్ దాన్ని పక్కన పెట్టి, సొరుగులోంచి తన షెడ్డుకొచ్చే రోగులందరి చేతా నింపించే ఫారం తీశాడు. పేరు, వయసు, ఏ చెయ్యి అన్నీ రాసుకున్నాడు. ఒక గడి దగ్గర కలం ఆగింది.

"ఏం పని చేసేవాడమ్మా ఇతను?"

"ఎవరండీ?"

"నీ రాకాసి."

పైడితల్లి నవ్వింది. మస్తాన్ నవ్వలేదు.

"రాకాసికి పనేటండీ? మనుషుల్ని సంపడమే."

"అది కోపమొచ్చినప్పుడు చేసేది. పని సంగతి అడుగుతున్నా. ముద్ద కలిపే చెయ్యి వేరు, మగ్గం నేసే చెయ్యి వేరు. ఏం చేసేదో తెలీకుండా చెయ్యి ఎట్టా చేస్తానమ్మా? గడి ఖాళీగా ఉంటే నేను మొదలెట్టను."

ఆమెకి ఒళ్ళు మండింది. ఇదేం చాదస్తం మనిషిరా దేవుడా అనుకుంటూ విసవిసా వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ ఫిషింగ్ హార్బర్లో తిరిగిందట. ఒక ముసలాయన చిరిగిన వల ముందేసుకుని చెక్కసూదితో బాగుచేస్తుంటే, పొద్దున్నుంచి ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే కూర్చుందట. నాలుగో రోజు వచ్చి ఆ గడిలో "వలలు బాగుచెయ్యడం" అని రాసింది. రాసి, గుక్కతిప్పుకోకుండా కథ చెప్పింది.

"సముద్రంలో పోయినోడండీ. తిరిగొస్తాడు. పగ లేదు, ఏటీ లేదు. ఆడికి తెలిసిందల్లా చిరుగు కనిపిస్తే కుట్టడం. కానీ ఆడి కంటికి ఇప్పుడు విడిగా ఉన్నదల్లా చిరుగే. తెరిసిన తలుపు చిరుగే, తెరిసిన నోరు చిరుగే, ఇరబోసుకున్న జుట్టూ చిరుగే. మరొకటండీ, అందరి దెయ్యాలూ రాత్రే వస్తాయి కదా. ఈడు మధ్యాన్నం వస్తాడు. మగాళ్ళు వేటకెళ్ళిపోయి, ఆడాళ్ళు భోంచేసి ఒక కునుకు తీస్తారే, అప్పుడు."

మస్తాన్ చేతిలో రబ్బరుముక్క కిందపెట్టాడు. "ఇప్పుడు నాకు భయమేసింది తల్లీ. ఇంక మొదలుపెట్టచ్చు" అన్నాడు.

అలా పుట్టాను నేను. ఎముకలు ఫైబరు, తోలు రబ్బరు. మనిషి చెయ్యి లోపల దూరేలా చేసిన తొడుగుని. వేళ్ళు మామూలు కంటే ఒక్క కణుపు మాత్రమే పొడుగు. అంతకంటే పొడుగైతే జనం భయపడరు, వింతగా చూస్తారంతే అన్నాడు మస్తాన్. బొటనవేలి పక్కన దారం ఒరుసుకుపోయిన గాడి పెట్టాడు. చిటికెనవేలు దారాన్ని బిగించి పట్టుకునీ పట్టుకునీ లోపలికి వంగినట్టు చేశాడు. గోళ్ళు కురచగా, మాంసందాకా కత్తిరించినట్టు పెట్టాడు. "వల పనివాడు గోళ్ళు పెంచడమ్మా, దారం తగులుకుంటది" అన్నాడు. అంత శ్రద్ధగా నన్ను చేసినందుకు ఆయన మీద నాకు ప్రాణం.

నన్ను తొడుక్కునే పని పెదజాలరిపేట నూకరాజుకి పడింది. నటన ఆయనకి కొత్త, వల పాత. మొదటిసారి చెయ్యి నాలోకి దూర్చి, వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచి, ఎందుకో నన్ను మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"మా అయ్య సెయ్యిలాగే ఉంది డైరెక్టరమ్మా" అన్నాడు.

భీమిలి దగ్గర ఒక పెంకుటింట్లో షూటింగు. నేను జీవితంలో పని అంటూ చేసింది అక్కడే, అదీ ఒకే ఒక్క సీనులో. ఆరేడేళ్ళ పిల్ల మధ్యాహ్నం నులకమంచం మీద నిద్రపోతుంది. నిద్ర లేచి కూర్చోబోతే తల పైకి రాదు. జుట్టంతా మంచం నులకలోకి అల్లేసి ఉంటుంది, వరసగా, వలకన్నులాగా, ఒక్క పోగు కూడా తెగకుండా. తల్లి పరుగెత్తుకొచ్చి విప్పబోతుంది. ముడి మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. అంతే సీను. రాకాసి కనిపించడు. ఆ పిల్ల జుట్టుకి సవరాలు కలిపి, ఆ ముడులన్నీ నన్ను తొడుక్కున్న నూకరాజే వేశాడు. రెండు గంటలు పట్టింది. అబ్బ, ఆ రెండు గంటలూ! నా వేళ్ళలోని తహతహంతా తీరింది. కోపంగా కాదండీ, ఎంతో ముద్దుగా, పిల్లకి జడ వేస్తున్నంత జాగ్రత్తగా వేశాం. షాటు అయ్యాక మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళు కాసేపు దగ్గరికి రాలేదు.

తర్వాత నిర్మాత సన్యాసిరావు వచ్చాడు. మధురవాడలో ప్లాట్లు అమ్ముతాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట నేను చెప్పాలి. రాకాసి సినిమాలంటే పిచ్చి ఉన్న మనిషి. ఆ పిచ్చితోనే మా గొంతు కోశాడు. తీసినంతవరకూ తెర మీద చూసి, లైటు వెయ్యగానే అడిగాడు.

"బాగుందమ్మా పైడితల్లీ. రాకాసేడి?"

"వచ్చి ఎల్లిపోయాడండీ."

"ఎప్పుడొచ్చాడు? నాను సూళ్ళేదే! టిక్కెట్టు కొన్నోడికి రాకాసిని సూపించొద్దేటి? కోరలు, గోళ్ళు, ఎర్రగా కళ్ళు. ఒక అరుపు అరిస్తే హాలు అదిరిపోవాల. నా సిన్నప్పుడు టెంటు హాల్లో ఒక రాకాసి సినిమా సూసినాను. ఇప్పటికీ తలుసుకుంటే గుండె గుబేలంటాది."

పైడితల్లి ఆశగా ముందుకు వంగింది. "అందులో ఏటి గుర్తుందండీ మీకు?"

"మెట్ల మీంచి ఒక గాజు దొర్లుకుంటా వస్తాది. ఎవులూ ఉండరు. గాజొక్కటే, టక్కుటక్కుమని…" ఆయన చెయ్యి గాలిలో మెట్లు దిగింది. జబ్బల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"మరి ఆ రాకాసి గోళ్ళు ఎలా ఉండేవండీ?"

సన్యాసిరావు చాలాసేపు ఆలోచించాడు. "గోళ్ళా… ఉండే ఉంటాయిలే అమ్మా" అన్నాడు.

ఇంక అర్థమైపోయి ఉంటుందనుకున్నాను. నాకు నోరుంటే ఈలే వేసేదాన్ని. కానీ మనుషుల తీరు వేరు. తాము భయపడింది దేనికో తమకే తెలియదు, పక్కవాణ్ణి భయపెట్టాలంటే మాత్రం గోళ్ళే కావాలంటారు. మర్నాడే గోళ్ళు వచ్చాయి. కాకినాడ నుంచి ఎవరో మేకప్ మనిషి డబ్బాతో తెచ్చాడు. నా కురచ గోళ్ళ మీద జిగురు పూసి, నల్లటి ప్లాస్టిక్ గోళ్ళు అయిదూ నొక్కాడు. పైడితల్లి ఎంత వాదించిందో, ఎంత బతిమాలిందో! వద్దంటే వేరే డైరెక్టరుని పెట్టుకుంటానన్నాడు సన్యాసిరావు. ఆమె వరండాలోకెళ్ళి అటూ ఇటూ తిరిగింది. చెప్పులేసుకుంది, మళ్ళీ విప్పింది. తను వెళ్ళిపోతే ఆ మంచం సీను కూడా తీసేస్తారని ఆమె భయం. అందుకే ఉండిపోయింది.

గోళ్ళతో నన్ను తొడుక్కుని నూకరాజు చెక్కసూది పట్టుకోబోయాడు. జారి కిందపడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది.

"వీటితో ఏటి సెయ్యమంటారు బావూ? గోక్కోడానికి తప్ప ఎందుకూ కొరగావు" అన్నాడు.

"పీక నొక్కు" అన్నారు. నొక్కాం. తలుపులు గీరాం. పొగలోంచి బయటికొచ్చాం. అరుపు తర్వాత కలిపారు, సింహానిదో ఇంజనుదో నాకు తెలియలేదు. వారం రోజుల్లో నేను నూట పదహారు సినిమాల్లో ఉన్న చెయ్యినే అయిపోయాను. వేళ్ళలో మళ్ళీ ఆ తహతహ మొదలైంది. ముడి వెయ్యలేని చేతికి వేళ్ళెందుకు, ఏడుపు కాకపోతే! మస్తాన్ చూస్తే ఏమంటాడోనని సిగ్గుపడ్డాను. మంచం సీను మాత్రం బతికింది. ఏ గొప్ప కారణంతోనో కాదు. ఆ పిల్ల సన్యాసిరావు మేనకోడలి కూతురు. ఆ సీను తీసేస్తే ఇంట్లో అన్నం పెట్టరట.

సినిమా పేరు కూడా మార్చి "నెత్తురు గోరు" అని పెట్టి విడుదల చేశారు. షూటింగ్ అయ్యాక నా అవసరం ఎవరికీ లేకపోయింది. పైడితల్లి నన్ను అడిగి తీసుకుని, గుడ్డసంచీలో పెట్టుకుంది. గోళ్ళు తీయించడానికి మస్తాన్ దగ్గరికి తీసుకెళ్తూ, దారిలో మార్నింగ్ షోకి హాల్లోకి దూరింది. నూకరాజు కూడా లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక నుంచి మూడో వరసలో కూర్చున్నాం. మా వెనక సీట్లు ఖాళీ. నేను ఆమె ఒళ్ళో, సంచీ మూతి తెరిచి.

మొదటి పావుగంటలోనే రాకాసి పొగలోంచి వచ్చి అరిచాడు. హాల్లో ఎవరో తిరిగి అరిచారు. నవ్వులు. నా గోళ్ళు తలుపు గీరితే "ఒరేయ్, కత్తెర ఇవ్వండ్రా ఆడికి" అని ఒక కుర్రాడు కేకేశాడు. ఇంకా నవ్వులు. పైడితల్లి తలెత్తలేదు. ఆమె చెయ్యి సంచీలోకొచ్చి నా గోళ్ళని పీకడం మొదలుపెట్టింది. తనకి తెలియకుండానే పీకుతోంది, జిగురు పట్టు వదిలేదాకా. బొటనవేలిది ఊడింది. చూపుడువేలిది ఊడింది. "పోయింది నూకరాజన్నా. నాను తీసింది ఎవులికీ అందలేదు" అంది. నూకరాజు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు మంచం సీను వచ్చింది. మధ్యాహ్నం ఎండ. పిల్ల నిద్ర. పెంకుల మీద కాకి. పిల్ల కళ్ళు తెరిచి లేవబోయింది. తల రాలేదు. మళ్ళీ లేవబోయింది. కేకలేసిన కుర్రాడు ఏదో అనబోయి సగంలో ఆగిపోయాడు. తల్లి వేళ్ళు ముడులని వెతుకుతున్నాయి, ఒకటి దొరికితే దాని వెనక ఇంకొకటి.

మా ముందు వరసలో ఒక పెద్దావిడ ఉంది. ఆమె జడ సీటు వీపు మీంచి ఇటు వేలాడుతోంది. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి వెనక్కి పెట్టి, జడని తీసి ఒళ్ళో వేసుకుంది. పక్కనున్న కాలేజీ పిల్ల కూడా వేసుకుంది. దాని ముందు వరసలో ఇంకొకరు, ఆ పక్కన ఇద్దరు. ఎవరూ ఎవరినీ చూడలేదు. వరస తర్వాత వరస, సీట్ల మీంచి జడలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి.

"డైరెక్టరమ్మా, సూడండి, సూడండి" అని నూకరాజు మోచేత్తో పొడిచాడు.

పైడితల్లి తలెత్తి చూసింది. నోరు కొంచెం తెరుచుకుంది, కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆ సవరాలు ఏ కొట్లో కొన్నారో, ఆ ముడులు ఎవరు వేశారో, ఎన్ని గంటలు పట్టిందో అన్నీ తెలిసిన మనిషి ఆమె. ఆ చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది. అయినా నన్ను వదిలేసి, మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి, తన జడని గబుక్కున ముందుకు లాక్కుంది. ఆ తర్వాత మళ్ళీ గోళ్ళ సీను వచ్చింది, హాలంతా మళ్ళీ నవ్వింది. ఆమె మాత్రం జడ వదల్లేదు.