చిట్టి చెప్పాల్సిన ఒక్క మాట

పిల్లలతో నాటకం ఆడించడమంటే కప్పల్ని తక్కెడలో వేసి తూచడమేనని స్వర్ణలతకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఒకదాన్ని పట్టి వేస్తే ఇంకొకటి దూకుతుంది. ఆమెకు తెలియందల్లా, పిల్లలకన్నా పిల్లల తాతలతో తంటా ఎక్కువన్న సంగతి. అది ఈ ఏడే తెలిసింది.

ఆమె రేపల్లెలో తెలుగు టీచరు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక హాలు రెండు మూడు గంటలు ఖాళీగా ఉంటుంది. పాస్టరుగారు దయతలచి తాళం చెవి ఇస్తే, ఊళ్ళో పిల్లల్నీ నిజాంపట్నం నుంచి వచ్చే పిల్లల్నీ పోగేసి నాటకాలు నేర్పి, చుట్టుపక్కల పిల్లల నాటకాల పోటీలకు తీసుకెళుతుంది. పద్నాలుగు మంది పిల్లలు. పద్నాలుగు మంది తల్లులు. ఒకామెకు తన కొడుకు మీసం చిన్నదైందని బాధ. ఇంకొకామెకు తన కూతురు ఎప్పుడూ జనంలోనే నిలబడుతోందని బాధ. అందరికీ ముందు వరసే కావాలి. ఇంతమందినీ ముందు నిలబెట్టడానికి అది స్టేజీ గానీ సముద్రపొడ్డు కాదు కదా.

ఈ ఏడు నాటకం మాత్రం సముద్రపొడ్డు మీదే జరుగుతుంది. స్వర్ణలతే రాసింది. తుఫానులో పడవలు తిరిగి రావు. ఒడ్డున ఉన్నవాళ్ళు చూసి చూసి, ఇక రారని తేల్చుకుని, ఏడ్చి, ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. అప్పుడొక చిన్నపిల్ల లాంతరు పట్టుకుని వస్తుంది. దాన్ని నీళ్ళవైపు ఎత్తి, "నాన్నా, దీపం ఆరనివ్వలేదు. ఇటు రా!" అంటుంది. తెర పడుతుంది. నాటకమంతా ఆ ఒక్క మాట కోసమే. అది లేకపోతే ముందు జరిగిందంతా ఉత్త గాలీ ఏడుపూ.

ఆ మాట చెప్పేది చిట్టి. ఏడేళ్ళది, రెండో తరగతి. వాళ్ళ నాన్న నిజాంపట్నంలో మరబోటు ఎక్కితే పది రోజులకు గానీ ఒడ్డుకు రాడు. అమ్మ వెంకాయమ్మ హార్బరులో వేలంపాటలో చేపలు పాడుకుని, బుట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్ముతుంది. మొదటి రోజు రిహార్సల్లో పిల్లలందరూ మాటల్ని పాకంలా సాగదీస్తుంటే, చిట్టి మాత్రం ఒడ్డున నిలబడి నాన్నను పిలిచినట్టే పిలిచింది. ఎవరూ నేర్పలేదు. స్వర్ణలత కూడా నేర్పలేదు, చెడగొట్టకుండా ఊరుకుంది, అంతే.

ఇక తాతగారి సంగతి. పేరు అంకారావు. యాభై ఏళ్ళు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి. కిరీటం దించి చాలాకాలమైనా మెడ మాత్రం ఇంకా వంగలేదు. ఆయన మనవడు లోకేష్‌కి పదేళ్ళు, మంచి గొంతు. నాటకంలో పడవ నడిపే సరంగు వేషం వాడిదే.

"పద్యం లేని నాటకం ఉప్పు లేని పప్పమ్మాయ్. మన బాపట్ల, తెనాలి జనం ఊరుకుంటారా?" అన్నాడు అంకారావు. అనడమే కాదు, సరంగు సముద్రాన్ని నిలదీసే పద్యం ఒకటి తానే రాసి, రాగం కట్టి, మనవడికి నేర్పేసి మరీ వచ్చాడు. వాడు పాడుతుంటే హాల్లో పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. స్వర్ణలత సరేనంది. అది ఆమె చేసిన మొదటి తప్పు. రెండోది తర్వాత చేసింది.

మన వైపు పద్యానికి ఒక మర్యాద ఉంది. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్!" అని అరుస్తారు. అరిస్తే నటుడు మళ్ళీ పాడాలి. యుద్ధంలో చచ్చిపడినవాడు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్ళీ చచ్చిన సందర్భాలున్నాయి. తెల్లవార్లూ ఆడే నాటకాలకు అది చెల్లింది. పిల్లల పోటీల్లో ఒక్కో నాటకానికి నలభై నిమిషాలే. నలభై కాగానే గంట కొడతారు. ఆ గంట మోగేలోపు తెర పడకపోతే ఆ నాటకాన్ని పోటీలోంచి తీసేస్తారు.

బాపట్ల పోటీలో అంకారావు మొదటి వరసలో కూర్చున్నాడు. లోకేష్ పద్యం ఎత్తుకున్నాడు, రాగం తీశాడు, ముగించాడు. ముగించాడో లేదో, "వన్స్ మోర్!" అని కేక. కేక వేసింది ఎవరో కాదు, సొంత తాత. పక్కనున్నవాళ్ళూ అందుకున్నారు. లోకేష్ మళ్ళీ పాడాడు. తాత మళ్ళీ అరిచాడు. వాడు మూడోసారి పాడాడు. స్వర్ణలత తెర పక్కన నిలబడి చేతులు ఊపింది, పళ్ళు నూరింది, చివరికి దణ్ణం కూడా పెట్టింది. రాగంలో ఉన్నవాడికి అవేం కనపడతాయి?

గంట కొట్టారు. తెర దించేశారు.

చిట్టి లాంతరు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. "మేడమ్, ఇప్పుడు వెళ్ళాలా?" అంది.

స్వర్ణలత ఏం చెప్పాలో ఆలోచించుకునేలోపే వెంకాయమ్మ వెనకవైపు నుంచి వచ్చింది. ఆ రోజు వేలంపాట మానుకుని, పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. "మా చిట్టిది ఏ వేషమండీ? కళ్ళార్పకుండా చూశా. నాకు కనపళ్ళేదు" అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. తనకే చూడటం చేతకాలేదేమోనన్నట్టు అడిగింది. స్వర్ణలతకు తల కొట్టేసినట్టయింది.

తిరుగు బస్సులో చిట్టి లాంతరు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇమ్మంటే ఇవ్వలేదు.

మర్నాడే స్వర్ణలత అంకారావు ఇంటికి వెళ్ళి దులిపేసింది.

"నా మనవడు అంత బాగా పాడితే నోరు మూసుక్కూర్చోమంటావా?" అన్నాడాయన.

"మీ మనవడొక్కడే కాదు మాస్టారూ, ఇంకో పదమూడు మంది ఉన్నారండి."

"ఈ గంటలూ నిమిషాలూ నిన్న పుట్టినవమ్మాయ్. మా రోజుల్లో..."

"మీ రోజుల్లో లాంతరు పట్టుకుని ఏడేళ్ళ పిల్ల పక్కన నిలబడి ఉందా అండి? వాళ్ళమ్మ పని మానుకుని వచ్చి, నా కూతురేదని అడిగిందా?"

చివరికి అంకారావు, "సరే, ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

తెనాలి పోటీకి పదిహేను రోజులే ఉంది. స్వర్ణలత ఆయన్ని జనంలోంచి లేపి స్టేజీ పక్కన హార్మోనియం ముందు కూర్చోబెట్టింది. నోరు తెరవనని ఒట్టు వేయించుకుంది. లోకేష్‌కీ, వాడి తర్వాత మాట్లాడే నలుగురికీ వేరే పాఠం పెట్టింది: ఎవరెంత అరిచినా ఆగకూడదు, తర్వాతి మాటకు వెళ్ళిపోవాలి. లోకేష్ పాడగానే మిగతా పిల్లలందరూ హాలు ఎగిరిపోయేలా "వన్స్ మోర్" అని అరవాలి, వాడు పట్టించుకోకూడదు. పిల్లలకు అసలు నాటకం కన్నా ఈ అరుపులే ఎక్కువ నచ్చాయి. అందరికన్నా గట్టిగా అరిచింది చిట్టి. రెండు ఆదివారాలు అరిచాక లోకేష్ ఒక్క గుటక వేసి, ఆగకుండా ముందుకు వెళ్ళడం నేర్చుకున్నాడు. చిట్టికి మాత్రం స్వర్ణలత, "గట్టిగా చెప్పమ్మా, వెనక వరసక్కూడా వినపడాలి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేసింది.

రేపల్లెలో రైలెక్కి అందరూ తెనాలి వెళ్ళారు. వెంకాయమ్మ మళ్ళీ వచ్చింది, అదే చీర.

"ఈసారి కనపడుద్దా అండీ?"

"కనపడుతుంది వెంకాయమ్మా. నాది పూచీ."

"ఆ పెద్దాయన ఆ రోజు అరిచారు కదండీ, అదేంటండీ?"

స్వర్ణలత అప్పుడు అద్దె గడ్డం ఒకటి పిల్లాడి మొహానికి అంటక జిగురుతో కుస్తీ పడుతోంది. "బాగుంటే మళ్ళీ చెయ్యమని అట్లా అంటార్లే" అని విసుగ్గా చెప్పి గడ్డం మీద పడింది.

మధ్యాహ్నం మూడింటికి తెర లేచింది. స్వర్ణలత ఫోన్లో టైము పెట్టి చేత్తో పట్టుకుంది. తెర తాడు దగ్గర జాన్ బాబు అనే కుర్రాడు, వాళ్ళ చర్చివాడే, నిలబడ్డాడు. అన్నీ సవ్యంగానే నడిచాయి. ఒకడి మీసం ఊడింది, వాడు జేబులో పెట్టుకున్నాడు. అంతకు మించి నష్టం లేదు.

లోకేష్ పద్యం ఎత్తుకున్నాడు. ఆ రోజు వాడు పాడినట్టు మళ్ళీ పాడలేడేమో. హాలంతా ఒక్కసారి లేచింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

లోకేష్ గుటక వేశాడు. అంకారావు వేళ్ళు వాటంతటవే హార్మోనియం మెట్ల మీదికి పాకాయి. స్వర్ణలత కళ్ళురిమింది. ముసలాయన రెండు చేతులూ తీసి, బళ్ళో దెబ్బలు తిన్న పిల్లాడిలా, తొడల కింద పెట్టుకున్నాడు. లోకేష్ ముందుకు వెళ్ళిపోయాడు. జనం చప్పబడిపోయారు. "ఏం పిల్లోడ్రా, అడిగితే పాడడేంటి!" అన్నారెవరో. అది లోకేష్‌కి వినపడింది, వాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు.

ముప్ఫై ఎనిమిదో నిమిషంలో చిట్టి లాంతరుతో స్టేజీ మీదికి వెళ్ళింది. తొందరేమీ లేదు. ఇసకలో నడిచినట్టు నడిచి, మధ్యలో ఆగి, లాంతరెత్తింది.

"నాన్నా, దీపం ఆరనివ్వలేదు. ఇటు రా!"

హాల్లో చప్పుడు లేదు. స్వర్ణలతకు కళ్ళు మసకబారాయి. తుడుచుకుని ఫోన్ చూసింది. ముప్ఫై తొమ్మిదీ పది సెకన్లు. ఇంకా యాభై సెకన్లుంది! గెలిచినంత సంబరంతో తెర దించమని జాన్ బాబు వైపు చెయ్యెత్తబోయింది.

"వన్స్ మోర్!"

ఆడగొంతు. వేలంపాటలో నలభై మంది మగాళ్ళ మీదుగా వినపడటం అలవాటైన గొంతు. మూడో వరసలో వెంకాయమ్మ లేచి నిలబడి ఉంది. తల్లని అర్థమై జనం నవ్వారు. నవ్వుతూనే చప్పట్లు మొదలుపెట్టారు.

చిట్టి తల తిప్పింది. అమ్మ వైపు కాదు, స్వర్ణలత వైపు. "మళ్ళీ చెప్పనా మేడమ్?" అని కళ్ళతోనే అడిగింది.

అందరికీ చెప్పింది స్వర్ణలత. ముసలాయనకు చెప్పింది, లోకేష్‌కి చెప్పింది, ఆ నలుగురికీ చెప్పింది. చిట్టికి చెప్పలేదు. ఒక్క మాట వేషానికి ఎవరంటారులే అనుకుంది. ఈ పిల్ల మాట కోసమే ఇంతా చేస్తున్నానని ఊరంతటితో పోట్లాడిన తనే, ఆ పిల్లను లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

"తెర దించమ్మాయ్! గంట కొట్టేస్తారు!" అని గుసగుసగా అరిచాడు అంకారావు. అవును, అంకారావే.

జాన్ బాబు తాడు వదలబోయాడు. స్వర్ణలత వాడి చెయ్యి పట్టుకుంది. "ఆగు" అంది. చిట్టి వైపు చూసి తలూపింది.

ఉన్నచోటే నిలబడి చెప్పేస్తే సరిపోయేది. ఆ పిల్లకు అట్లాంటి అడ్డదారులు తెలియవు. వెనక్కి నడిచి లోపలికి వచ్చింది, లాంతరు సరిచేసుకుంది, మళ్ళీ మొదట్నుంచీ ఇసకలో నడిచినట్టు బయల్దేరింది. మూడో అడుగులో గంట మోగింది. చిట్టి గంట వైపు చూడను కూడా చూడలేదు. మధ్యలోకి వెళ్ళి, లాంతరెత్తి, వెనక వరసక్కూడా వినపడేలా పిలిచింది.

"నాన్నా, దీపం ఆరనివ్వలేదు. ఇటు రా!"

అప్పుడు తెర పడింది. నాటకాన్ని పోటీలోంచి తీసేశామని పావుగంటకల్లా మైకులో చెప్పారు.

సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం అందరూ కూర్చున్నారు. వెంకాయమ్మ ఫోన్లో ఎవరికో, "రెండుసార్లు చెప్పిందమ్మా మా పిల్ల, రెండుసార్లు!" అని చెబుతోంది. అంకారావు దూరంగా బెంచీ మీద, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు. స్వర్ణలత గడ్డాలూ మీసాలూ లెక్కపెట్టి సంచిలో వేస్తోంది. లోకేష్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహాన రంగు సగమే కడిగాడు, మిగతా సగం ఏడ్చినచోట చారలు కట్టింది.

"మేడమ్, మీరు ఆగొద్దంటే నేను ఆగలేదు కదా?"

"ఆగలేదు నాన్నా."

"అందరూ నన్ను తిట్టారు. మరి దానికి మాత్రం ఎందుకు చెప్పలేదు మీరు?"

మర్చిపోయానని చెప్పబోయింది స్వర్ణలత. అది అబద్ధం. పదేళ్ళ పిల్లాడు చెప్పినమాట విని పద్యాన్ని దిగమింగుకున్నాడు, వాడితో అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"చిట్టిని ఎవరూ అడగరనుకున్నాన్రా" అంది.

లోకేష్ చిట్టి వైపు చూశాడు.

"అడిగారుగా" అన్నాడు.