వెల్లుల్లి తవ్విన సాయంత్రం

వెల్లుల్లికి కింది ఆకులు మూడు పండాయంటే గడ్డ ఊరినట్టు. అప్పుడు నీళ్ళు మానేసి, వారం పది రోజులాగి తవ్వాలి. ఆలస్యమై వాన పడిందా, నేలలోనే పొట్టు చిట్లి గడ్డ విచ్చిపోతుంది. ఆ సాయంత్రం మబ్బు కమ్ముకొస్తుంటే ఆమె ఆఫీసు బట్టలు కూడా మార్చుకోకుండా బొరిగె పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

పగలంతా ఫోన్లెత్తడమే ఆమె ఉద్యోగం. ఎవరు చేసినా రెండో మోతకల్లా పలకాలి. ఇంటికొస్తే తువ్వాలు ఎక్కడుందని భర్త, మందు వేళయిందని అత్తగారు. మోకాళ్ళు పట్టేసి, లేవాలంటే ఆసరా కావలసి వచ్చిన ఈ రెండేళ్ళలో ఆవిడ పిలిస్తే ఆమె పలకని రోజు లేదు. పెరట్లో నాలుగు మూరల వెల్లుల్లి మడి ఒక్కటే ఆమెను కేకేసి పిలవలేదు. చలికాలం మొదట్లో రెబ్బలన్నీ మొన పైకి ఉండేలా తనే గుచ్చింది. "కొట్లో దొరకవా ఏంటి? పనిలేక!" అని నవ్వాడు భర్త.

సగం వరస తవ్వేసరికి లోపల్నుంచి వినిపించింది.

"అమ్మాయ్!"

చెయ్యి ఆగింది.

"అమ్మాయ్, ఒక్కసారి రా!"

ఇదొక్కటీ తీసి వెళ్దామనుకుంది. తీశాక పక్కది. మట్టి దులిపితే ఊదా చారల తెల్లటి గడ్డ, పిడికిలంత. ఎవరూ చెప్పకుండా, ఎవరి కోసమూ కాకుండా ఆమె చేసుకున్న పని. మూడో పిలుపు రాలేదు. దబ్బుమని చప్పుడొచ్చింది.

అత్తగారి మణికట్టు విరిగింది. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళకీ భర్త చెప్పాడు: "తను పెరట్లో ఉంది. వినపడలేదు, పాపం." ఆ 'పాపం' ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అత్తగారికి ముద్దలు అందిస్తూ ఆవిడ కళ్ళలోకి చూడలేక గిన్నెలోకే చూసేది. మూడో రోజుకి ఇక ఆపుకోలేకపోయింది.

"అత్తయ్యా, ఆ రోజు నాకు వినపడింది."

"తెలుసు. నీ బొరిగె చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది."

తిట్టినా బాగుండేది.

"కోపం వచ్చింది. రాదా మరి? బాత్రూముకి వెళ్ళాలి, నువ్వు రావు. లేచాను, పడ్డాను." ఆవిడ కట్టు చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. "పడుకుని ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. ముందు గదిలో వాడున్నాడు. ఫోన్లో నవ్వుతున్నాడు, నాకు వినిపిస్తూనే ఉంది. నా కేకా వాడికి వినిపించే ఉంటుంది. వాణ్ణి పిలవాలని నాకూ తోచలేదు, లేవాలని వాడికీ తోచలేదు."

ఆ మాటతో ఆమె తప్పేమీ తగ్గలేదు. రెండుసార్లు విని కదలని కాళ్ళు తనవే. కానీ ఇద్దరు విన్న పిలుపుకి తనొక్కతే మూడు రోజులుగా తిండి మానుకుని తిరుగుతున్నదని అప్పుడే తెలిసింది.

ఆనాటి మబ్బు ఉత్తదే అయింది. మిగతా సగం వరస ఇంకా నేలలోనే ఉంది. సాయంత్రం ముందు గదిలోకి వెళ్ళి భర్త ఎదురుగా నిలబడింది.

"నేను పెరట్లో ఉంటాను. అత్తయ్య పిలిస్తే మీరు పలకండి."

"నేనా? ఆవిడకేం కావాలో నాకేం తెలుసు?"

"అడిగితే చెబుతారు."

పెరటి మెట్ల దగ్గర ఆగింది. మళ్ళీ తప్పు చేస్తున్నట్టే ఉంది. అయినా దిగింది.