అడుగు వరస కహ్క్‌లు

"నోరు తెరు," అంది అమ్మ.

ఇనాస్ తెరవలేదు. గుమ్మానికి అడ్డంగా తల్లి అవాతిఫ్ నిలబడి ఉంది, చంకలో రేకు డబ్బాతో. ఆమె వెనక తండ్రి ఫత్హీ, వీధి చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయాడు.

"తెరవ్వే. నువ్వుల వాసన వచ్చిందంటే ఉపవాసం కూడా తప్పావన్నమాట."

"అమ్మా, నాకు ముప్పై దాటాయి."

"అయితే ఏం? ముప్పై దాటినవాళ్లకి నోళ్లుండవా?"

రేపు ఈద్. చెల్లెలు రద్వాకి పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఈద్. పుట్టింటి నుంచి కహ్క్‌లు, అంటే నెయ్యి ఓడే పండగ బిస్కెట్లు, ఇవాళ పొద్దుగూకేలోపు అత్తారింటికి చేరాలి. చేరకపోయినా, డబ్బా వెలితిగా చేరినా, ఆ అత్తగారు వచ్చే ఈద్ దాకా అలెగ్జాండ్రియా అంతా చాటింపు వేస్తుంది. అందుకే అమ్మ ఆ డబ్బాని తన గదిలో, బీరువా మీద, చలికాలపు దుప్పట్ల కింద దాచింది. ఇందాక టాక్సీ పిలిచి ఫత్హీ దాన్ని దించబోయాడు. బరువుంటుందని రెండు చేతులూ పెట్టాడు. డబ్బా తేలిగ్గా లేచొచ్చింది.

"అవాతిఫ్! ఇది సగం ఖాళీ!" అని అరిచాడు.

మూత తీయకముందే అమ్మ నోట వచ్చిన పేరు ఇనాస్.

ఇనాస్ నోరు తెరిచింది. అమ్మ ముక్కు దగ్గరగా పెట్టి పీల్చింది. పొద్దున్నుంచీ నీళ్లు తగలని నోటి వాసన తప్ప ఏమీ లేదు.

"పళ్లు తోముకుని ఉంటుంది," అంది అవాతిఫ్, మొగుడి వైపు తిరిగి.

"నేను తినలేదమ్మా."

"ఎప్పుడు ఒప్పుకున్నావు గనక? నీ మంచం కింద బిస్కెట్ కాగితాలు దొరికిన రోజున కూడా ఇదే మాట. రేపు కహ్క్ పళ్లెం దరిదాపులకి రాకు. ఆ కెప్టెన్ వ్యవహారం కూడా ఇవాళ్టితో సరి. తిండి నేర్పుతుందట! పుట్టిన బిడ్డకి ఎవరు నేర్పారమ్మా తిండి?"

"అమ్మాయిని మాట్లాడనీ..." అన్నాడు ఫత్హీ.

"మీరు ఊరుకోండి. మీ మెతకదనం వల్లే ఇలా తయారైంది."

కెప్టెన్ అంటే లుబ్నా. ఒకప్పుడు క్లబ్బులో ఈత నేర్పేది. ఇప్పుడు తిండితో గొడవపడేవాళ్లకి దానితో రాజీ కుదురుస్తోంది. పిలుపు మాత్రం అప్పటిదే, అక్కడ ఆటలు నేర్పేవాళ్లందరూ కెప్టెన్లే. ఆమె ఇనాస్‌కి ఏ తిండీ మాన్పించలేదు. ఏది తిన్నా కుర్చీలో కూర్చుని, పళ్లెంలో పెట్టుకుని, నలుగురి ముందు తినమంది. అంతే. ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, కడుపు నొప్పెట్టే దాకా వేళ్లతో తోడుకుని తిన్న మనిషికి ఆ 'అంతే' నేర్చుకోవడానికి చలికాలమంతా పట్టింది. రేపు పొద్దున్న నమాజు అయ్యాక, అందరి మధ్యా, పాల టీతో కహ్క్ తినాలని రంజాన్ మొదటి రోజునే అనుకుంది. దాచకుండా, తలొంచుకోకుండా.

ఇప్పుడు అదీ పోయింది.

ఆమె బాల్కనీలోకి వెళ్లి ఫోను తీసింది. కింద ట్రామ్ కీచుమంటూ మలుపు తిరుగుతోంది.

"కెప్టెన్, అయిపోయింది. నేను మానేస్తున్నా."

"గట్టిగా చెప్పు, ఉప్పుచేపల దుకాణం దగ్గరున్నా... ఓ హాజీ గారూ, వరసలో ముందున్నది నేను! ఏమైంది?"

ఇనాస్ చెప్పింది. ఏడుస్తూ కాదు, ఉక్రోషంగా.

"తిన్నావా?" అంది లుబ్నా.

"లేదు."

"మరింకేం?"

"మరింకేంటంటే నాకే నమ్మకం లేదు! మునుపు తిన్నది గుర్తుండేదా నాకు? నిద్రలో లేచి తిన్నానేమో! నీ కుర్చీ, నీ పళ్లెం, నీ నిదానంగా నమలడం... ఏం ఒరిగింది చెప్పు? ఇల్లంతా ఇంకా నా నోరే వాసన చూస్తోంది. నాకు నేను కూడా సాక్ష్యం చెప్పుకోలేకపోతున్నాను!"

"అరిచేశావా? మంచిది. నిరుడైతే నా మీద అరవకుండా తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లేదానివి."

"ఇప్పుడూ వెళ్లాలనే ఉంది. మెచ్చుకోకు. ఒళ్లు మండుతోంది."

"సరే, మెచ్చుకోను. ఆ ఊపు వచ్చినప్పుడు ఎలా తినేదానివి నువ్వు? అది చెప్పు."

"ఎలా ఏంటి? కాగితం చింపేసి, పైన ఏది చేతికందితే అది. నేలంతా పొడి."

"డబ్బా లోపల చూశావా?"

"అమ్మ చూడనిస్తేగా."

"చూడు. నా మాటా నమ్మకు, మీ అమ్మ మాటా నమ్మకు. నీ కళ్లతో... అయ్యా, నెట్టకండి, చేప ఎక్కడికీ ఈదుకుపోదు!"

ఫోను తెగిపోయింది. ఇనాస్‌కి దాన్ని ట్రామ్ కింద పడేయాలనిపించింది. ఇంత చెబితే ఇదా సలహా?

అయినా లోపలికి వచ్చింది. అమ్మ వంటగదిలో ఇఫ్తార్ పనిలో పడింది. డబ్బా భోజనాల బల్ల మీద ఉంది. ఇనాస్ మూత లాగింది.

పై వరస నిండుగా ఉంది. ఒక్కటి కూడా కదల్లేదు. దాని కింది కాగితం అంచులు చక్కగా మడిచి ఉన్నాయి. ఆమె కాగితం ఎత్తింది. అడుగున కహ్క్‌లు లేవు. పై వరస కుంగిపోకుండా పాత పత్రికలు ఉండలు చుట్టి కుక్కారు. పొడి రవ్వంత కూడా లేదు.

ఇది తన పద్ధతి కాదు. తను ఏ ఊపులో తిన్నా ఇంత తీరిగ్గా సర్దిపెట్టదు.

ఒక కహ్క్ తీసి రెండుగా విరిచింది. లోపల ఏమీ లేదు, ఉత్తది. ఇంకొకటి విరిచింది, ఖర్జూరం. మరొకటి, మల్బన్ అనే సాగే మిఠాయి. వరసగా విరుచుకుంటూ పోయింది.

"ఏం చేస్తున్నావే!" అవాతిఫ్ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "మిగిలినవి కూడా నాశనం చేస్తావా? ఏమండీ, చూడండి దీన్ని!"

"అజమియ్య ఏదమ్మా?"

గరిటె గాల్లోనే ఆగింది.

అజమియ్య అంటే తేనె, నెయ్యి, అక్రోట్లు వేసి ఉడికించిన ముద్ద. ఆ ఇంట్లో ఎవరి చెయ్యైనా ముందు దానికోసమే పోతుంది. ఏటా అజమియ్య పెట్టిన వాటి మీద పట్టకారుతో నక్షత్రం నొక్కుతారు, మిగతావాటి మీద గీతలు. ఈసారి పట్టకారు పట్టుకున్నది ఇనాస్. నక్షత్రం వద్దంది అమ్మే. 'రద్వా అత్తగారు నక్షత్రాలన్నీ ఏరుకుని ఉత్తవి కోడలికి వదిలేస్తుంది. అన్నీ ఒకేలా గీయ్. ఏది ఎక్కడుందో నేను సర్ది రద్వాకి చెవిలో చెబుతా' అంది.

"అన్నిటి మీదా ఒకే గీతలు," అంది ఇనాస్. "పైనుంచి చూస్తే నాక్కూడా తెలియదు. గీసింది నేనే, అయినా తెలియదు. తిన్నవాళ్లు ఒక్క మల్బన్ కొరకలేదు, ఒక్క ఖర్జూరం విరవలేదు. తిన్నగా అడుగుకి వెళ్లి అజమియ్య మాత్రమే తీశారు."

"అయితే?"

"డబ్బా సర్దేటప్పుడు నేనెక్కడున్నానమ్మా? బేకరీ పొయ్యి నుంచి పళ్లేలు మోసుకొచ్చి తలుపు కొడితే, 'అక్కడ పెట్టి పో, లోపలికి రాకు' అన్నావు. గడియ పెట్టుకున్నావు. నా మీద అనుమానంతో. అడుగున ఏముందో నాకెలా తెలుస్తుంది?"

ఫత్హీ నెమ్మదిగా చెప్పులు విప్పాడు. ఆయన పెళ్లాం వైపు చూడలేదు. డబ్బాలోకే చూస్తూ ఉండిపోయాడు.

ఇనాస్ చూపు బల్ల చివరి కుర్చీ మీదికి పోయింది. అమ్మ కుర్చీ. ఈ రంజాన్‌లో ఒక్క ఇఫ్తార్‌కీ అమ్మ అందులో కూర్చోలేదు. వడ్డించేది. 'నాకు వాసనకే కడుపు నిండిపోయింది, మీరు తినండి' అనేది. తర్వాత అందరూ రంజాన్ రాత్రుల తరావీ నమాజుకి మసీదుకి వెళ్లేవారు. ఇంట్లో అమ్మ ఒక్కతే. వంటగదిలో, నిలబడి, మెట్ల మీద అడుగుల చప్పుడుకి ఓ చెవి వేసి. ఆ నిలబడడం ఎలా ఉంటుందో ఇనాస్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. తను అది ఎవరి దగ్గర నేర్చుకుందో ఇప్పుడు తెలిసింది. జాలి వేయాల్సింది. ముందు కోపమే వచ్చింది.

"ఇన్నేళ్లు," అంది. "ఇన్నేళ్లు నన్ను..."

"మెల్లగా," అంది అవాతిఫ్. దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. "వినవే తల్లీ. నా వయసులో ఈ మాట బయటికొస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కూతురి కహ్క్ తల్లే తినేసిందంటారు. అదే నువ్వంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నీకు అలవాటేగా."

ఇనాస్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"రేపు నా పక్కన కుర్చీ వేస్తానమ్మా. పళ్లెం కూడా పెడతాను. మిగిలినవే ఇద్దరం కూర్చుని తిందాం. ఎవడేమన్నా నేను చూసుకుంటా. కానీ దీన్ని నా మీద పెట్టకు. నువ్వే చెప్పు."

బల్ల మీద అమ్మ ఫోను మోగింది. రద్వా. ఫత్హీకి చెవులు మందమని ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ పెద్దగానే మాట్లాడుతుంది.

"అమ్మా, బయల్దేరారా? మా అత్తగారు అప్పుడే ట్రే కూడా తుడిచి పెట్టేశారు!"

అవాతిఫ్ కళ్లు ఇనాస్ మీదే ఉన్నాయి. పెదవులు రెండుసార్లు కదిలాయి.

"బయల్దేరుతున్నాంలే గానీ... చిన్న ఇబ్బంది వచ్చిందే. డబ్బా సగం ఖాళీ అయింది. ఏం చెయ్యను, మీ అక్క సంగతి నీకు తెలుసుగా..."

"మళ్లీనా? ఛీ! అది మారిందన్నావుగా!"

ఇనాస్ ఫోను లాక్కుంది. అవాతిఫ్ ఆపలేదు. చివరి కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది.

"రద్వా, నేను. అవి నేను తినలేదు."

"మరి ఎవరు తిన్నారే? నాన్నా?"

"నాన్న కాదు," అంది ఇనాస్. "అమ్మ తింది."