మితం అంటే ఎంత?

పిల్లల ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న డైటీషియన్‌ను, దేశం మొత్తానికి ఆహార సూచనలు రాసే కమిటీలో వేశారు. ఆమెకు అప్పజెప్పింది ఒక్క పేజీ. దానిలో ఆమె పట్టుబట్టి రాసింది ఒక్క వాక్యం: "పిల్లలకు కూల్‌డ్రింకులు ఇవ్వకండి."

మొదటి మీటింగులోనే దానిమీద పడ్డారు.

"ఇవ్వకండి అంటే మరీ కటువుగా లేదూ?" అన్నాడు కూల్‌డ్రింకు కంపెనీల సంఘం తరఫున వచ్చిన పెద్దమనిషి. ఆయన సభ్యుడు కాదు, పరిశీలకుడు. అయినా అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆయనే.

"కటువుగా ఉండాలనే రాశానండీ. పదేళ్లు నిండని పిల్లలు షుగర్‌తో నా దగ్గరికొస్తున్నారు."

"తల్లిదండ్రులు నొచ్చుకుంటారమ్మా," అన్నాడు చైర్మన్. ఆయన పరిశోధనలకు డబ్బిచ్చేది ఆ సంఘమేనని ఆ గదిలో అందరికీ తెలుసు.

రెండో మీటింగుకి 'ఇవ్వకండి' పోయి 'తగ్గించండి' వచ్చింది. మూడోదానికి ఆ మాట ముందు 'వీలైతే' చేరింది. ప్రతిసారీ ఆమె పాత వాక్యమే రాసిచ్చేది. ప్రతిసారీ అది ఎర్ర సిరా పూసుకుని తిరిగొచ్చేది. ఆరో మీటింగులో తేలింది: "పానీయాలను మితంగా, ఆనందంగా సేవించండి."

"ఆనందంగానా! ఇది ఆహార సూచనా, గ్రీటింగ్ కార్డా?" ఆమె గొంతు లేచింది. "నా అభ్యంతరం రాసుకోండి."

"మినిట్స్‌లో ఏకాభిప్రాయమే రాస్తామమ్మా."

"నేను ఒప్పుకోందే ఏకాభిప్రాయం ఎలా అవుతుందండీ?"

"మీరు తప్ప అందరూ ఒప్పుకున్నారుగా," అన్నాడు చైర్మన్ చల్లగా.

పుస్తకం అచ్చయింది. మొదటి పేజీలోనే ఆమె పేరు. తీసేయమని మూడు ఉత్తరాలు రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంట్లో అత్తగారు పుస్తకం తిరగేసి, "మితంగా అంటే ఎంతే?" అని అడిగింది.

"అది మాత్రం అడక్కండి అత్తయ్యా, నాకు పిచ్చెక్కుతుంది."

మర్నాడు ఆసుపత్రిలో తన గది బయట బోర్డు పెట్టించింది: "పిల్లలకు కూల్‌డ్రింకులు మితంగా ఇవ్వండి. మితం అంటే సున్నా."

వారం తిరక్కుండా సూపరింటెండెంట్ పిలిచాడు. "జాతీయ సూచనలకు విరుద్ధమని కూల్‌డ్రింకు కంపెనీల సంఘం ఫిర్యాదు చేసింది. తీసేయించండి."

ఆమె పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మితం అంటే ఎంతో ఇందులో చూపించండి సార్, ఇప్పుడే తీసేయిస్తాను."

ఆయన కళ్లజోడు తగిలించుకుని అరగంట వెతికాడు. గ్లాసనీ లేదు, చెంచా అనీ లేదు. చివరికి విసుగొచ్చి మూసేశాడు.

"ఇంత లావు పుస్తకంలో ఏం రాశారమ్మా మీరంతా?"

"రాయనిస్తేగా సార్!"

మితం ఎంతో తెలియజేయమని సూపరింటెండెంట్ సంఘానికి జవాబు రాశాడు. అటునుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. బోర్డు ఉండిపోయింది. పక్క గదిలోని పళ్ల డాక్టరు కూడా అలాంటిదే రాయించుకున్నాడు. తరువాతి కమిటీలో మాత్రం ఆమెకు చోటు దక్కలేదు. పుస్తకమేమో బడులన్నింటికీ చేరింది.

ఒకరోజు కొడుకును వెంటబెట్టుకుని ఒక తండ్రి వచ్చాడు. "మేడమ్, మితంగా తాగొచ్చని బడిలో చెప్పారట. మరి బయట బోర్డేంటి అలా ఉంది?"

ఆమె ఒక్క నిట్టూర్పు విడిచి, ఇద్దరినీ కూర్చోమని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.