చట్టం కోసం కాపురం

పొద్దున పెళ్లి చేసుకుని, మధ్యాహ్నానికల్లా కూతురింట్లో అంట్లు తోముతూ నిలబడ్డ పెళ్లికూతురిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఈ అమ్మమ్మను చూడాల్సింది. రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టింది, సాక్షులుగా వచ్చిన కూతురికీ అల్లుడికీ చెరో అరటిపండు చేతిలో పెట్టింది, ఇంటికొచ్చి కొంగు నడుముకు బిగించింది.

"కాస్త కూర్చోవే అమ్మా, ఇవాళ నీ పెళ్లి," అని కూతురు నవ్వింది.

"ఊరుకోవే. కాగితాల కోసం చేసుకున్నదానికి పెళ్లేమిటి, పేరంటమేమిటి," అంటూ అమ్మమ్మ గిన్నెను మరింత గట్టిగా తోమింది. ఆ గిన్నె చేసిన పాపమేమిటో ఎవరికీ తెలియదు.

అమ్మమ్మ అనగానే తల ముగ్గుబుట్టయిన ముసలమ్మ అనుకునేరు. యాభై దాటి నాలుగడుగులు వేసిందంతే. భర్త పోయేనాటికి కూతురికి పలకా బలపం వయసు. ఆ పిల్లను తనే పెంచి, చదివించి, పెళ్లి చేసి, పురిటికి సాయంగా విజిటింగ్ వీసా మీద ఈ ఊరొచ్చింది. పుట్టిన బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది, పిల్లికూనంత. అమ్మమ్మ ఒడి తప్ప మరో చోటెరగదు. కూతురు పనికి వెళ్లకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇంకొక్క నెల అనుకున్నారు. ఆ నెల ఇంకో నెలను వెంటబెట్టుకొచ్చింది. ఈలోగా వీసా గడువు దాటిపోయింది. దాటాక భయం పట్టుకుంది, భయపడి ఎవరికీ చెప్పలేదు, చెప్పక ఇంకొన్నాళ్లు గడిచాయి. బిడ్డ పాకింది, నడిచింది, సంచీ తగిలించుకుని బడికి కూడా పోతోంది. అమ్మమ్మ మాత్రం టోపీ పెట్టుకున్నవాడు కనిపిస్తే సందు మారిపోయేది. ఒకసారి పోస్టుమ్యాన్ని చూసి పోలీసనుకుని కూరగాయల కొట్లో దూరి, ఎవరూ తినని ముల్లంగి బుట్టెడు కొనుక్కొచ్చింది.

ఇక పెళ్లికొడుకు. ఆ చుట్టుపక్కల మేడల్లో లిఫ్టులన్నిటికీ ఆయనే వైద్యుడు. మన భాషవాడే. మీసం సరిగా రాని వయసులో వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు, స్థిరనివాసం కాగితాలు పక్కాగా ఉన్నవాడు, భార్య పోయి చాలాకాలమైంది. లిఫ్టు మొరాయించినప్పుడల్లా వచ్చేవాడు కనుక కూతురు "లిఫ్టు బాబాయ్" అని పిలిచేది. పెళ్లయ్యాక ఆ పిలుపు మార్చుకునే శ్రమ కూడా లేకపోయింది.

పెళ్లి మాట ఆయనే ఎత్తాడు. గుమ్మం దగ్గర నిలబడి, చేతిలో స్పానరు అటూ ఇటూ తిప్పుతూ, "మీకు అభ్యంతరం లేకపోతే... నాకు కాగితాలున్నాయి... మీకు లేవు... కాగితాల కోసం..." అని నాలుగు ముక్కలు రాల్చాడు. అమ్మమ్మ చూపు స్పానరు మీదే నిలిపి, "కాగితాల కోసమైతే సరే," అంది. వాళ్ల ప్రేమాయణం మొత్తం అంతే.

దరఖాస్తు పెట్టిన లాయరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. "గడువు దాటి ఉండటం తప్పే. నిజంగా పెళ్లి చేసుకుని నిజంగా కాపురం చేస్తుంటే మన్నిస్తారు. ఉత్తుత్తి పెళ్లని తేలిందా, విమానం ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి మళ్లీ రానివ్వరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి, గుర్తుంచుకోండి."

అలా అమ్మమ్మ రెండు వీధుల అవతల ఉన్న ఆయన ఇంటికి మకాం మార్చింది. ఆ రోజు నుంచి ఆమె ఏం చేసినా చట్టం మీదకు తోసేయడం మొదలుపెట్టింది. ఆయనకు జలుబు చేస్తే మిరియాల కషాయం కాచింది, చట్టం కోసం. ఆయన చొక్కాల గుండీలన్నీ ఊడదీసి మళ్లీ కుట్టింది, చట్టం కోసం. ఆయన పనినుంచి వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు, అదీ చట్టమే.

"వదినా, కాగితాల మొగుడెలా ఉన్నాడు?" అని ఫోనులో ఆడపడుచు ఆటపట్టించేది.

"ఎలా ఉంటారు, ఉన్నారు. ఇవాళ ఆయనకు స్వెట్టర్ కొన్నాను."

"స్వెట్టర్ కూడా చట్టంలో రాసుందా?"

"చలి దేశం చట్టం వదినా, ఉండదూ మరి!"

కూతురు పక్కనే కూర్చుని ఇదంతా వింటూ, పాపం అమ్మ నా బిడ్డ కోసం ఎంత కష్టపడుతోంది అనుకునేది. కళ్లెదుటి కొండ కనపడదంటే ఇదే.

అంతా సాఫీగా సాగుతుంటే అల్లుడు కొంప ముంచాడు. చెడ్డవాడు కాడు, మరీ మంచివాడు, అదే చిక్కు. ఒకనాడు వీసా ఆఫీసునుంచి విచారణకు ఒకతను కూతురింటికి వచ్చాడు. అల్లుడు ఒక్కడే ఉన్నాడు, బుజ్జిదానికి తల రుద్దుతూ చేతులనిండా సబ్బు నురగ. వచ్చినతను, "మీ అత్తగారిదీ ఆ లిఫ్టు మెకానిక్కుదీ ప్రేమ పెళ్లేనా?" అని అడిగాడు. అత్తగారి గురించి అలాంటి మాటా! అల్లుడికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఛఛ, అలాంటి మనిషి కాదండీ మా అత్తయ్య. నిప్పులాంటి మనిషి. కాగితాల కోసం చేసుకుందంతే," అన్నాడు.

వచ్చినతను చక్కగా రాసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం అల్లుడు ఆ మాట గొప్పగా చెప్పుకుంటుంటే కూతురు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అత్తయ్య పరువు కాపాడానే!"

"పరువు కాపాడి మనిషిని పంపించేశావయ్యా మహానుభావా!"

వారం తిరక్కుండా పిలుపొచ్చింది, భార్యాభర్తలిద్దరూ హాజరై సంజాయిషీ చెప్పుకోవాలని. భాష రానివాళ్లు చెప్పింది చెప్పినట్టు తర్జుమా చేసే మనిషిని వెంట తెచ్చుకోవచ్చని. ఆ మనిషి కూతురే, ఇంకెవరున్నారు?

లాయరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టింది. "నాతో నిజం చెప్పండి. ఉత్తుత్తి పెళ్లయితే ఈ కేసు నేను పట్టుకోను. ఏమ్మా, నిజమేమిటి?"

అమ్మమ్మ కూతురి ముఖం చూసింది. చీర అంచులో లేని పోగు లాగింది. లిఫ్టాయన కిటికీలోంచి ఎదురు మేడ లిఫ్టును పరీక్షగా చూశాడు, ఇప్పుడే వెళ్లి దాన్ని బాగుచేయాలన్నట్టు.

"సరే, అక్కడైనా నోరు తెరవండి," అని లాయరమ్మ నిట్టూర్చింది.

ఆఫీసుకు వెళ్లే రోజు లిఫ్టాయన బస్సు టిక్కెట్ల కిటికీ దగ్గరకు వెళ్లగానే కూతురు అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ముందే చెప్తున్నా. సాక్షి సంతకమంటే ఏదో పెట్టేశాను. లేని ప్రేమ ఉందని నువ్వు చెప్తే దాన్ని నా నోటితో నేను చెప్పలేను. అబద్ధమని తేలితే నీతోపాటు నేనూ పోతాను."

"ప్రేమా దోమా అని రోడ్డు మీద అరవకే. ఎవరైనా వింటారు."

"ఇక్కడ మన భాష ఎవరికొచ్చమ్మా?"

"ఆయనకొచ్చుగా!"

అమ్మమ్మ మనసులో మాత్రం లెక్కలు సాగుతున్నాయి. పంపేస్తే బిడ్డను వదిలి పోవాలి. ఆయన్ను వదిలి పోవాలి. పోకుండా ఉండాలంటే కడుపున పుట్టినదాని ఎదుట, దాని నోటిమీదుగానే, ఈ వయసులో అనకూడని మాట అనాలి. అన్నాక ఆయన, 'అయ్యో, నేను కాగితాల కోసమే కదండీ అడిగింది' అంటే? అప్పుడు ఏ ముఖం పెట్టుకుని చూడాలి?

ఆఫీసరమ్మ గది చిన్నది. మేజా మీద దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మొక్క ఒకటి. ఆవిడ కళ్లద్దాలు ముక్కు కొసకు జారి ఉన్నాయి. ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టింది. కూతురు తర్జుమా చేసింది.

"ఇది కాగితాల కోసం చేసుకున్న పెళ్లని మీ అల్లుడే చెప్పాడట. మీరేమంటారని అడుగుతోందమ్మా."

"ఆయన చాలా మంచివారని చెప్పు."

కూతురు చెప్పింది. ఆఫీసరమ్మ పుల్ల విరిచినట్టు ఏదో అంది.

"మా బస్సు డ్రైవరు కూడా చాలా మంచివాడే, నేను చేసుకోలేదు కదా అంటోంది."

ఆఫీసరమ్మ లిఫ్టాయన వైపు తిరిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు గానీ గోళ్లలో గ్రీజు ఏ సబ్బుకూ లొంగలేదు. మొదట తడబడ్డాడు. తర్వాత ఆ భాషలోనే గడగడా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంట్లో 'ఉప్పు' అనడానికి కూడా ఆలోచించే మనిషి! కూతురు వింటూ వింటూ నోరు తెరిచింది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటున్నారే?"

"ఉండమ్మా."

"నన్నేమైనా అంటున్నారా?"

"నిన్నే అంటున్నారు, ఉండు!"

ఆయన ఆగాక కూతురు గొంతు సవరించుకుంది. "నువ్వు లిఫ్టులో ఇరుక్కున్న రోజు ఆయన తలుపు అవతల నిలబడి, భయపడకండి అన్నారట. నువ్వేమో, భయం లేదు నాయనా, పొయ్యి మీద పాలున్నాయి, ముందు మా తలుపు కొట్టి అల్లుణ్ని ఆ పొయ్యి ఆర్పమని చెప్పి రా, నేనెక్కడికీ పోనుగా అన్నావట. ఇన్నేళ్లలో లిఫ్టుల్లోంచి ఎన్ని కేకలు విన్నానో, నన్ను పాల దగ్గరకు పంపిన మనిషి ఈవిడొక్కతే అంటున్నారు. ఆ తర్వాత మన లిఫ్టు ఒక్కసారీ చెడిపోలేదటమ్మా. నూనె వెయ్యాలని చెప్పి ఊరికే వచ్చేవారట. నేనేమో మన మేడకు సర్వీసు భలే చేస్తారని అందరికీ చెప్పుకున్నాను!"

అమ్మమ్మ గిర్రున ఆయన వైపు తిరిగింది. "మరి నాతో కాగితాల కోసమని ఎందుకన్నారు?"

"మీరు కాదంటారేమోనని."

"కాదంటానని ఎవరు చెప్పారు?"

"మీరే సరే అన్నారుగా, కాగితాల కోసమైతే అని!"

"మీరు కాగితాలంటే నేను కాగితాలన్నాను. మీరింకోటంటే నేనింకోటి అనేదాన్ని కాదా!"

"ఏమంటే ఏమనేవారు?"

"అది ఇప్పుడెందుకు, అందరి ముందూ!"

ఆఫీసరమ్మ పెన్నుతో మేజా మీద తట్టింది. "ఇద్దరూ ఏమనుకుంటున్నారు?" అని కూతురిని అడిగింది. కూతురు ఆ తగవునంతా రెండు గొంతులతో అప్పజెప్పింది. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా ఉన్న కాగితం చూపించి అసలు ప్రశ్న వేసింది. "పెళ్లి సంగతి సరే. గడువు దాటాక ఇన్నాళ్లు మనవరాలి కోసమే ఉండిపోయారని రాశారు. అది నిజమేనా?"

నిజమేనంటే సరిపోయేది. లాయరమ్మ కూడా అంతే చెప్పమంది. అమ్మమ్మ మాత్రం కూతురితో, "నువ్వు కాస్త చెవులు మూసుకోవే," అంది.

"మూసుకుంటే ఎలా చెప్పనమ్మా?"

"అయితే నా వైపు చూడకుండా చెప్పు." ఆమె ఆ ప్లాస్టిక్ మొక్కతో మాట్లాడటం మొదలుపెట్టింది. "మొదట్లో బిడ్డ కోసమే. అందులో అబద్ధం లేదు. అయితే అది కాస్త పెద్దదై తన అన్నం తాను తింటున్నప్పుడు మా అమ్మాయే అంది, జరిమానా ఏదో కట్టేద్దాం, ఇక వెళ్తావా అమ్మా అని. వెళ్లొచ్చు. నేనే బిడ్డకు దగ్గు తగ్గలేదన్నాను. బిడ్డకు దగ్గు లేదు."

"లేదా?" కూతురు తర్జుమా మరచిపోయింది. "అమ్మా! నెలంతా మందు పట్టాం కదే!"

"ఆ సీసాలో పోసింది తేనే. అది లొట్టలేసుకుంటూ తాగేది, నీకు అనుమానం రాలేదా?"

"ఏమైంది?" అంది ఆఫీసరమ్మ.

"దగ్గు సంగతండీ," అంది కూతురు, నీరసంగా.

అమ్మమ్మ ఆగలేదు, ఇక ఆగితే మళ్లీ మొదలుపెట్టలేదని ఆమెకు తెలుసు. "ఈ ఊరి భాష ఒక్క అక్షరం నాకు రాదు తల్లీ. బోర్డులన్నీ గోడ మీద బల్లులు పాకినట్టుంటాయి. బజారుకెళ్తే వీళ్ల వెనకాల సంచీ పట్టుకుని నడిచేదాన్ని. వీళ్లకు ప్రేమ లేక కాదు, వీళ్లకు పరుగు. లిఫ్టుకు నూనె వెయ్యడానికి వచ్చినప్పుడల్లా ఈయన నాతో బజారుదాకా నడిచేవారు, బోర్డులన్నీ చదివి చెప్పేవారు. అడక్కుండానే. ఇది పళ్ల డాక్టరు, ఇది తాళాల కొట్టు, ఇక్కడో గది అద్దెకుందట, ఈ బొమ్మలో కుక్క తప్పిపోయిందట పాపం అని. ఆ కుక్క దొరికిందో లేదో అని మూడు రోజులు ఇద్దరం ఆ గోడ దగ్గరకు వెళ్లి చూశాం. ఇవన్నీ వదిలి వెళ్లబుద్ధి కాలేదు. అందుకని లేని దగ్గు పెట్టాను. తప్పే. పంపిస్తే పోతాను. కానీ కాగితాల కోసం ఈయన్ను చేసుకున్నానని రాసి మాత్రం పంపకు."

లిఫ్టాయన తన గోళ్లనే చూసుకుంటున్నాడు. కూతురు పెదవి కొరుక్కుంది. ఆఫీసరమ్మ, "మీరు చెప్పాలి, లేకపోతే నేను రాయలేను," అంది మెల్లగా.

కూతురు చెప్పింది. ఒక్క మాట విడవలేదు. తప్పిపోయిన కుక్క దగ్గర తడబడి, మళ్లీ మొదట్నుంచి చెప్పింది.

ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "కుక్క దొరికిందా?" అని అడిగింది.

"దొరికిందట. గోడ మీద కాగితం తీసేశారట," అంది కూతురు, అమ్మ చెప్పింది విని.

అప్పుడు ఆవిడ రాయడం మొదలుపెట్టింది. రాసి, చదివి వినిపించింది. ఈ పెళ్లి నిజమైనదని తన అభిప్రాయమట. ఎక్కువకాలం ఉన్నందుకు జరిమానా తప్పదట, నివాసం కార్డు పోస్టులో వస్తుందట. ఆఖరున కళ్లద్దాల మీదుగా చూస్తూ ఒక మాట చేర్చింది. కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. "ఇకమీదట ఎవరి పరువూ కాపాడొద్దని మా ఆయనతో చెప్పమంటోంది."

బయట వరండాలో అమ్మమ్మ కూతురికి నాలుగడుగుల దూరంలో నడిచింది, తేలు కుట్టిన దొంగలా. "కోపమా?" అంది చివరికి.

"కోపం కాదు. నాకొక్క ముక్క చెప్పకూడదా? నేను కాదంటానా?"

"నీతో చెప్పడానికి నోరు రాలేదే. పరాయిది కాబట్టి ఆవిడతో అనేశాను."

"అన్నదంతా నా నోటితోనే కదమ్మా!"

లిఫ్టాయన వరండా చివర లిఫ్టు బటన్ నొక్కి నిలబడ్డాడు. కూతురు ఆయన్ను చూసింది, అమ్మను చూసింది, గొంతు తగ్గించింది. "అయితే ఇకమీదట మేము ఎప్పుడంటే అప్పుడు వచ్చి తలుపు కొట్టకూడదేమో. కొత్త కాపురం కదా."

"సిగ్గులేనిదానా," అని అమ్మమ్మ దాని భుజం మీద ఒక్కటేసింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆయన తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి ఆమె కోసం ఆగాడు. అమ్మమ్మ లోపలికి అడుగు వేస్తూ వెనక్కి తిరిగి అంది.

"ఆదివారం బుజ్జిదాన్ని తీసుకుని మా ఇంటికి భోజనానికి రండి. వచ్చేముందు ఒక ఫోను మాత్రం చెయ్యండి."